సిరప్ మూత మీద గీత

ఉదయం తొమ్మిదీ పదికి, సవరణ విభాగంలో మందుల పేజీలు దిద్దే ఫార్మసిస్టును ఎవరో లిఫ్టులో కాల్చేశారు. సైలెన్సర్ పిస్టల్. ఒకే ఒక్క గుండు. పోయేముందు ఆయన ఫోన్లో నాలుగు ముక్కలు చెప్పగలిగాడు.

"ఒక పేజీ మార్చేశారు. పిల్లల పేజీ. పదకొండింటికి జనాన్ని దాని మీదికి తోలతారు."

ఏ పేజీయో చెప్పేలోపే ప్రాణం పోయింది. పాపం, నెమ్మదైన మనిషి. ఎవరి జోలికీ పోయేవాడు కాదు.

సవరణ విభాగం అనేది ఒకటుందని మీకు తెలియదు. తెలియకూడదు కూడా. తలుపు మీద 'పాత రికార్డుల గది' అని బోర్డు ఉంటుంది. లోపల ఇరవై మంది కూర్చుని ప్రభుత్వ ఆరోగ్య వెబ్‌సైట్‌ను కాపలా కాస్తుంటారు. శత్రువుకి ఇప్పుడు క్షిపణుల ప్లాన్లు అక్కర్లేదు మరి. జ్వరమొచ్చిన బిడ్డను ఒళ్లో వేసుకుని తల్లి ఫోన్లో ఏం చూస్తుందో దాన్ని మార్చేస్తే చాలు. అలా మార్చే విదేశీ ముఠాకు విభాగం పెట్టుకున్న పేరు 'కషాయం'.

"కూర్చో" అన్నాడు చీఫ్.

ఏజెంట్ నలభై కూర్చోలేదు. "పిల్లల పేజీలు ఎన్ని సార్?"

"మూడొందల పన్నెండు. అన్నీ చదివించాను. ఒకరు పైకి చదివారు, ఇంకొకరు పాత కాపీ మీద వేలు పెట్టి చూసుకున్నారు. అక్షరం తేడా లేదు."

"అన్నీ మూసేద్దాం."

"దేశమంతా జ్వరాలు. మనం మూస్తే జనం వెతుక్కునేది కషాయం వాళ్ల పేజీలే. వాళ్లక్కావలసింది కూడా అదే." చీఫ్ ఒక ఫోటో బల్ల మీద పెట్టాడు. "జనాన్ని తోలేది ఈవిడ."

ఫోటోలో డాక్టరమ్మ నవ్వుతోంది. నల్లకళ్లద్దాలు, ఎర్రటి పట్టుచీర, సినిమా తారలు కుళ్లుకునే అందం. ఆవిడ లైవ్‌లో దగ్గితే నలభై లక్షల మంది తమకీ దగ్గొచ్చిందేమో అనుకుంటారు. రెండేళ్ల కిందట విభాగమే ఆవిడను డబుల్ ఏజెంటుగా కషాయంలోకి పంపింది. రెండు నెలలుగా కబురు లేదు.

"మన మనిషేనా, వాళ్ల మనిషైపోయిందా?" అన్నాడు చీఫ్. "నీకే తెలియాలి. నీ భార్య కదా."

ఏజెంట్ నలభై ఫోటోను బోర్లించాడు.

మూడేళ్ల కిందట వాళ్లకో పాప ఉండేది. రెండేళ్లది. తల్లి ఆస్పత్రిలో డ్యూటీలో ఉండగా పాపకు జ్వరం వచ్చింది. ఇతను ఫోన్ తెరిచి, కనిపించిన పేజీ చూసి, అందులో చెప్పినంత సిరప్ పోశాడు. తన చేత్తోనే పోశాడు. అది కషాయం వాళ్ల మొదటి దొంగ పేజీ అని తర్వాత తెలిసింది. తెలిసి ఏం లాభం? పాప తిరిగి రాలేదు. భార్య ఒక్కనాడూ ఒక్క మాట అనలేదు. తిట్టినా, కొట్టినా బాగుండేది. ఆ మౌనం భరించలేక ఇతను ఈ విభాగంలో చేరాడు, ఆవిడ ఆ ముఠాలోకి వెళ్లింది. ఒకే ఇంట్లో ఉండి ఏడవడం మాత్రం ఇద్దరికీ చేతకాలేదు.

విభాగం కంప్యూటర్లు చూసే పెద్దాయనను అందరూ బాబాయ్ అంటారు. ఆయన ఒక ఏసీ రిమోట్ తెచ్చి ఏజెంట్ చేతిలో పెట్టాడు.

"ఎర్ర బటన్ నొక్కితే లైవ్ కట్ అవుతుంది. చల్లదనం మాత్రం రాదు, ముందే చెబుతున్నా."

"ఆవిడ 'పేజీ తెరవండి' అంటే నొక్కెయ్" అన్నాడు చీఫ్. "కానీ నొక్కావంటే ఏ పేజీయో మనకిక తెలియదు. ఇవాళ కాకపోతే రేపు ఇంకొకళ్ల చేత చెప్పిస్తారు. అర్థమైందా?"

"అయింది సార్."

పదిన్నరకు ఏజెంట్ నలభై ఖాకీ చొక్కా, అతికించిన మీసంతో ఏసీ మెకానిక్కుగా స్టూడియోలో దిగాడు. మీసం ఒకటే దురద. కెమెరా వెనక కషాయం మనిషి నిలబడి ఉన్నాడు. అందరూ మేనేజర్ అంటారు. చెయ్యి కోటు జేబులోంచి తియ్యడు.

డాక్టరమ్మ కుర్చీలో కూర్చుని పౌడర్ అద్దుకుంటోంది. ఏజెంట్ ఆవిడ పక్కగా వెళ్లి కోడ్‌మాట అన్నాడు. "ఫిల్టర్ మార్చాలమ్మా."

మన మనిషే అయితే 'సర్వీసు కార్డు ఉందా?' అని అడగాలి.

"తర్వాత చూసుకో" అంది ఆవిడ, తలెత్తకుండా.

ఇంతేనా? పాపను చంపినవాళ్లతోనే కలిసిపోయిందా? మెట్ల నిచ్చెన ఎక్కి ఏసీ మూత తీసినట్టు నటిస్తూ రిమోట్ బిగించి పట్టుకున్నాడు.

పదకొండు కొట్టింది. లైవ్ మొదలైంది. డాక్టరమ్మ నాలుగు నిమిషాలు జ్వరాల గురించి తీయగా మాట్లాడింది. ఏజెంట్ చెవిలో బాబాయ్ గొణిగాడు. "ఆవిడ అకౌంట్ నుంచి ఒక లింకు పదకొండూ అయిదుకి నలభై లక్షల ఫోన్లకీ వెళ్లేలా పెట్టి ఉంది. ఎక్కడికి పోతుందో కనబడ్డంలేదు."

డాక్టరమ్మ కెమెరా వైపు వంగింది. "పిల్లలకు మందు ఎంత పోయాలో ప్రభుత్వ పేజీలో ఉంది. మీ ఫోన్లోకి లింకు వస్తుంది..."

"నొక్కు!" చెవిలో చీఫ్ అరిచాడు.

ఏజెంట్ బొటనవేలు బటన్ మీద ఉంది. సరిగ్గా అప్పుడు ఆవిడ ఆగి గుటక వేసింది. ఆ గుటక అతనికి తెలుసు. రోగి బంధువులకు చెడ్డ కబురు చెప్పేముందు ఎప్పుడూ అలాగే వేసేది. ఇంటికొచ్చి పాప గురించి అడిగేముందు కూడా అలాగే వేసింది.

అతను నొక్కలేదు.

"ఆ లింకు తెరవకండి" అంది డాక్టరమ్మ. గబగబా, ఊపిరి తీసుకోకుండా చెప్పింది. "జ్వరం సిరప్ పేజీ. అక్షరాలన్నీ సరిగ్గానే ఉన్నాయి. బొమ్మ మార్చారు. మందు కొలిచే మూత మీద గీత పైకి జరిపారు. చదువు రాని అమ్మలు బొమ్మే చూస్తారమ్మా! డాక్టరో ఫార్మసిస్టో మీ బిడ్డ బరువు చూసి చెప్పిన కొలతే పోయండి. నాకూ ఒక పాప ఉండేది. ఫోన్ చూసి నేనే పోశాను. డాక్టర్నై ఉండి కూడా, నా చేత్తో నేనే..."

పిస్టల్ పేలింది. రెండోసారి పేలేలోపు ఏజెంట్ నిచ్చెన మీదినుంచి మేనేజర్ మీదికి దూకాడు. ఇద్దరూ లైట్ల స్టాండుతో సహా కూలారు. మేనేజర్ మళ్లీ లేవలేదు.

"బొమ్మ!" చెవిలో బాబాయ్ తల బాదుకుంటున్నాడు. "అన్నీ పైకి చదివాంరా! బొమ్మని ఎవడు పైకి చదువుతాడు! తీస్తున్నా, తీస్తున్నా..."

ఏజెంట్ ఆవిడ తల ఒళ్లో పెట్టుకున్నాడు. చీర ఎరుపులో నెత్తురు ఎక్కడిదాకా వచ్చిందో తెలియడంలేదు.

"కోడ్‌మాట వాళ్లకి తెలిసిపోయింది" అందావిడ. "అందుకే బదులు చెప్పలేదు. మీసం బాలేదు నీకు."

"మాట్లాడకు."

"బొమ్మ తీసేశారా?"

"తీసేశారు."

"నాకు ధైర్యం చెప్పడానికి అంటున్నావు. చూసి చెప్పు."

అతను ఫోన్ తీశాడు. పదకొండూ నాలుగు నిమిషాల యాభై ఎనిమిది సెకండ్లు. పేజీలో బొమ్మ ఉన్నచోట తెల్లగా ఖాళీ. పై వరుసలో ఎర్ర అక్షరాలతో హెచ్చరిక. ఆవిడ కళ్లకు ఎదురుగా పట్టాడు. అప్పుడే గదిలో ఉన్న ఫోన్లన్నీ లింకు వచ్చినట్టు టింగుమన్నాయి.

"నువ్వే పోశానని ఎందుకు చెప్పావే?" అన్నాడతను. "పోసింది నేను కదా."

"జనం నిన్నంటే నేను పడలేను" అంది.

అంతే. ఇంకేమీ అనలేదు. అతను ఎంత పిలిచినా అనలేదు. మూడేళ్లు దాచుకున్న ఏడుపంతా అతనికి ఆ స్టూడియో నేల మీదే వచ్చింది.

మధ్యాహ్నం మూడింటికి ఏజెంట్ నలభై చీఫ్ ముందు రిపోర్టు పెట్టాడు. మీసం ఇంకా సగం అతుక్కునే ఉంది. చీఫ్ చదువుతూ చివరి గడి దగ్గర ఆగిపోయాడు. 'ప్రసారంలో ప్రజలకు చేరిన తప్పుడు సమాచారం' అన్నచోట ఇలా రాసి ఉంది: 'ఒకటి. పాపకు మందు పోసింది తల్లి కాదు. తండ్రి. సవరించగలరు.'

"ఇది వదిలెయ్‌రా" అన్నాడు చీఫ్ మెల్లగా. "నీ మీదికి రాకూడదనే కదా ఆ అమ్మాయి అలా చెప్పింది."

"తప్పు తప్పే కదా సార్. ఇష్టమైనవాళ్లు చెప్పారని వదిలేస్తామా?"

చీఫ్ కళ్లజోడు తుడుచుకుని సంతకం పెట్టాడు.

మర్నాడు వీడియో కింద ఆ సవరణ ఎక్కింది. వీడియోను అప్పటికి రెండు కోట్ల మంది చూశారు. సవరణను తెరిచిన లెక్క పదకొండు. అందులో పది అతను తెరిచినవే.