ఈల గది

ఆ మూడో అంతస్తు గదికి తాళం పడి ఆరేళ్లయింది. పగలైతే ఆ మెట్లు ఎవరైనా ఎక్కుతారు. రాత్రి పదకొండు దాటాక మాత్రం... వాచ్‌మన్ కూడా రెండో అంతస్తు దగ్గరే ఆగిపోతాడు.

ఒకప్పుడది పాటలు రికార్డు చేసే స్టూడియో. బయటి చప్పుడు పిసరంత కూడా లోపలికి రాకుండా గోడలకి మెత్తటి పలకలు, ఒకదాని వెనక ఒకటి రెండు తలుపులు. అలాంటి గదిలో రాత్రిపూట ఎవరో ఈల వేస్తారట. సన్నగా... ఊపిరైనా తీసుకోకుండా. అది విన్న డ్రమ్స్ వాయించే ఒకాయన మెట్ల మీద నుంచి పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. ఒక సౌండ్ ఇంజనీరు మళ్లీ ఆ వీధి మొహం చూడలేదు.

నాకిది చెప్పింది ఆఫీసులో నా పక్క కుర్చీ ఆవిడ. అబద్ధాలు చెప్పే మనిషి కాదు. అంత ఓపిక కూడా లేదు. జరిగింది ఆవిడ తమ్ముడికి.

తమ్ముడు కంప్యూటర్‌తో సంగీతం చేస్తాడు. వెనక కంపెనీ లేదు, పక్కన బృందం లేదు. పడకగది కిటికీకి పరుపు అడ్డం పెట్టి, బాణీ కట్టడం దగ్గర్నుంచి పాట ఇంటర్నెట్‌లో పెట్టేదాకా అన్నీ తనే. ఇంట్లో వాడి పేరు చప్పుడుగాడు. ఉద్యోగం మానేసి ఐదేళ్లుగా హెడ్‌ఫోన్లు తీయకుండా కూర్చుంటే, ఇప్పుడిప్పుడే జనం వింటున్నారు. శనివారం మొదటిసారి పెద్ద హాల్లో కచేరీ. టికెట్లన్నీ అయిపోయాయి. ఆ రెండు చెవులే వాడి ఆస్తి.

కచేరీ మొదట్లో వేయడానికి ఎవ్వరూ వినని శబ్దం ఒకటి కావాలన్నాడు. ఆ ఈలే కావాలన్నాడు.

"పిచ్చి ముదిరింది, రోకలి తలకి చుట్టండి అన్నాడట నీలాంటివాడే!" అంది అక్క. అంటూనే, ఒంటరిగా పంపలేక తనూ బయల్దేరింది.

రాత్రి పదకొండు దాటాక వెళ్తే, వాచ్‌మన్ తాళంచెవి ఇచ్చి, "నేను పైకి రాను బాబూ," అన్నాడు.

"మీరెప్పుడైనా విన్నారా?"

"నేనా? మొదట్లో రాత్రుళ్లు ఆ గదిలోనే పడుకునేవాణ్ని. ఏమీ వినపడలేదు. వాళ్లంతా చెప్పాకే భయం పట్టుకుంది."

రెండో తలుపు మూసేసరికి వీధి చప్పుడు కత్తిరించినట్టు ఆగిపోయింది. తమ్ముడు మైకు నిలబెట్టాడు. రికార్డరు ఆన్ చేశాడు. లైటు ఆర్పాడు.

చీకటి... నిశ్శబ్దం.

ఒక నిమిషం. రెండు నిమిషాలు —

తమ్ముడు అక్క చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"వచ్చింది..." అన్నాడు గుసగుసగా. "విన్నావా?"

"ఏంటి?"

"ఈల! నీ వెనకాలే ఉంది!"

అక్క వెనక్కి తిరిగి ఊపిరి బిగబట్టింది. ఆమెకి మాత్రం ఏమీ వినపడలేదు.

వాడు హెడ్‌ఫోన్లు పెట్టుకుని మైకు బలం పెంచాడు. ఇంకా పెంచాడు... రికార్డరు మీద శబ్దాన్ని చూపించే పచ్చగీత చిన్నగా ఎగిరింది. ఆగి, మళ్లీ ఎగిరింది.

"పడింది! పడిందక్కా!" హెడ్‌ఫోన్లు తీసి ఆమె తలకి తగిలించాడు.

అక్క కాసేపు విని, "ఇది నా వాచీరా," అంది. "టిక్కు టిక్కుమంటోంది."

"వాచీ ఏంటి?"

లాక్కుని మళ్లీ తనే పెట్టుకున్నాడు. ఈల ఉంది. పచ్చగీత కళ్ల ముందే ఎగురుతోంది. కానీ టిక్కుటిక్కు... ఎంతకీ వినపడలేదు.

అప్పుడు భయం వేసింది వాడికి. హెడ్‌ఫోన్లు విసిరేసి రెండు అరచేతులతో చెవులు మూసుకున్నాడు.

ఈల తగ్గలేదు. పెరిగింది.

చేతులు తీశాడు. మళ్లీ మూశాడు. తీశాడు, మూశాడు... దెయ్యం పట్టేసిందనుకుని అక్క తడుముకుంటూ వెళ్లి లైటు వేసింది. వాడు నేల మీద కూర్చుని ఉన్నాడు.

"గదిలో ఏమీ లేదక్కా," అన్నాడు చివరికి. "బయటి శబ్దమైతే చెవులు మూస్తే తగ్గాలి. ఇది నా చెవుల్లోనే ఉంది. ఇన్నాళ్లూ ఇంట్లో ఫ్యాన్లూ బయట బళ్లూ దీన్ని కప్పేశాయి. ఇక్కడ కప్పడానికేం లేదు."

దెయ్యమే అయ్యుంటే ఎంత బాగుండేదని ఆ క్షణంలో అనిపించిందట ఆవిడకి. నాతో చెబుతూ కళ్లు తుడుచుకుంది.

కింద వాచ్‌మన్ లేచి నిలబడ్డాడు. "ఉందా బాబూ?"

తమ్ముడు తాళంచెవి ఇస్తూ, "ఉంది," అన్నాడు. "మళ్లీ ఎవర్నీ పంపకండి."

వీధిలోకి వచ్చాక అక్క ఉండబట్టలేకపోయింది. "ఎందుకురా ఆ అబద్ధం?"

"దెయ్యాన్ని చూశానంటే నాలుగు రోజులు కథ చెప్పుకుంటారు. చెవులు పోతున్నాయంటే నాకు పనెవరిస్తారక్కా? పాపం ఆ డ్రమ్స్ ఆయన మాత్రం ఏం చెప్పుకుంటాడు?"

వాడు రెండడుగులు ముందుకెళ్లిపోయాడు.

"రేపు పొద్దున్నే చెవుల డాక్టరు దగ్గరికి వెళ్దాం," అంది అక్క.

వాడు తల తిప్పలేదు. ఇష్టం లేకనో, వినపడకనో ఆమెకి తెలియలేదు. ఇంకోసారి అంది, కాస్త గట్టిగా.

వాడు నడుస్తూనే ఉన్నాడు.