దేవుడు ఇవాళ ఏం చేశాడు?

దోర్కా గంజి గిన్నె తెచ్చి అమ్మమ్మ మంచం పక్కన పెడుతూ కిటికీలోంచి బయటికి చూసింది. వెంటనే చెవి వెనుకనున్న ఎరుకపూస మెల్లగా చెప్పింది: "తొలకరి. నైరుతి గాలి తెచ్చిన మేఘం. ఇంకో జల్లు ఉంది."

మెంతిగింజంత ఉండే ఆ పూస ఊరందరి చెవుల వెనుకా ఉంది. కన్ను దేని మీద నిలిస్తే దాని పేరూ, కారణమూ అడగకముందే చెబుతుంది. అది వచ్చాక పాముకాట్లు తగ్గాయి, పైరు తెగుళ్లు ముందే తెలిసిపోతున్నాయి. "సృష్టి ఎంత తెలిస్తే సృష్టికర్తను అంతగా స్తుతిస్తాం" అని పాస్టరుగారు సంఘం చేత ప్రార్థన చేయించి మరీ, పిల్లలకు ఆరో ఏట పూస పెట్టే ఆదివారాన్ని పండుగ చేశారు.

పెద్దల్లో పూస లేనిది ఒక్క సువార్తమ్మకే. దోర్కాకు అమ్మమ్మ. చూపు మసకబారి మంచాన పడినా ఆమె ఒక అలవాటు మానలేదు. "దేవుడు ఇవాళ ఏం చేశాడే?" అని అడిగి, జవాబు విన్నాకే గంజి ముట్టేది. జవాబు తెచ్చేది చిన్న మనవరాలు తబిత.

"అమ్మమ్మా! సాలెగూటికి నీళ్ల ముత్యాలు కట్టాడు! ఒక్కటీ జారట్లేదు!"

"అబ్బో! రాత్రంతా ఆయనకు నిద్ర లేదన్నమాట. స్తోత్రం చెప్పు తల్లీ."

"స్తోత్రం!"

ఆ కేకతోనే గంజి గొంతు దిగేది.

మొన్నటి పండుగకు తబితకూ పూస పెట్టారు. "నొప్పి పెడతదా అక్కా?" అని అది బిక్కమొహం వేస్తే, దోర్కాయే చెయ్యి పట్టుకుని కూర్చుంది. "చీమ కుట్టినట్టుంటది, అంతే. ఇంక నీకు తెలీనిదంటూ ఉండదు."

మర్నాడు అమ్మమ్మ ఎప్పటిలాగే అడిగింది.

"ఏం చెయ్యలేదమ్మమ్మా. ఆవిరి చల్లబడి నీళ్లయింది" అంది తబిత.

"దీనికప్పుడే పెద్దరికం వచ్చేసిందే!" అని సువార్తమ్మ నవ్వింది. తరువాతి రోజుల్లో ఆ నవ్వూ లేదు. గంజి మీగడ కట్టి అలాగే ఉండిపోసాగింది. అమ్మ మందు మార్చాలంటోంది. మందు కాదని దోర్కాకు తెలుసు.

ఈ రోజు జవాబు తనే తేవాలనుకుంది. చెవి వెనుక పూసను నొక్కి దాని నోరు మూయించి, తడిసిన చేలోకి నడిచింది. పూస మాట్లాడలేదు. అయినా తుంగ, పల్లేరు, వాటి వేళ్లు, వాటి గుణాలు వరసగా మనసులో మెదులుతూనే ఉన్నాయి. చిన్నప్పటినుంచీ విన్న గొంతు ఎప్పుడో తన గొంతైపోయింది.

గట్టు దగ్గర, నల్లమట్టి మీద, ఎర్రగా ఏదో కదిలింది. దాని పేరూ వెంటనే మనసులో మెదిలింది. దోర్కా దాన్ని ఆకు మీదికి ఎక్కించుకుని ఇంటికి పరుగెత్తి, అమ్మమ్మ అరచేతిలో వదిలింది.

"ఇదేంటో తెలీట్లేదమ్మమ్మా. మఖమల్ గుడ్డముక్క నడుస్తున్నట్టుంది. పూసక్కూడా తెలీదంట."

సువార్తమ్మ దాన్ని వేలికొనతో నిమిరింది. ముడతల మధ్య పెదవులు విచ్చుకున్నాయి.

"ఆరుద్ర పురుగే, పిచ్చిమొహమా! ఇది నాకు తెలీదనుకున్నావా? తెలిస్తే మాత్రం ఏం? ఏటేటా ఆయన కొత్తగానే చేస్తాడు. ఏదీ, స్తోత్రం చెప్పు."

"స్తోత్రం" అంది దోర్కా. పూస పేర్లు చెప్పినట్టే వినిపించింది అది, తన చెవికే.

అమ్మమ్మ గుమ్మం వైపు మొహం తిప్పింది. "బుజ్జిదాన్ని పిలువు."

తబిత వచ్చి అరచేతిలోకి తొంగిచూసింది.

"ఆరుద్ర పురుగు. పిట్టలు తినకుండా ఎర్రగా ఉంటది" అని చెప్పి, తబిత ఆటకు పోయింది.

పురుగు సువార్తమ్మ మణికట్టు దాకా పాకింది. ఆమె కళ్లు నిండాయి.

"బాధేసిందా అమ్మమ్మా?"

"నాకేముందే, రేపో మాపో పోయేదాన్ని. ఇంత ముచ్చటగా చేసి, ఎవరన్నా చూస్తారేమోనని కూచునుంటాడు కదా... పాపం, ఆయన ఒక్కడైపోయాడే."

చల్లారిన గంజిని దోర్కా లోపలికి తీసుకుపోయింది. బయట వాన మళ్లీ మొదలైంది. అది ఎందుకు కురుస్తోందో ఊళ్లో అందరికీ తెలుసు. ఎవరూ తలెత్తి చూడలేదు.