కళ్ళజోళ్ళ పెద్దాయన ఉత్తరం

తలుపు తట్టిన మనిషి వెంటనే లోపలికి రాలేదు. గుమ్మంలోనే నిలబడి వీధి అటూ ఇటూ చూసి, "నేనిటు రావడం ఎవరైనా చూశారంటారా?" అని అడిగింది.

"చూస్తే చూడనివ్వండి. మా దగ్గరికి వచ్చేవాళ్ళని లెక్కపెట్టడమే ఎదురింటివాళ్ళకి కాలక్షేపం. రండి, కూర్చోండి," అన్నాడు డిటెక్టివ్.

ఊళ్ళో ఆయన్ని అందరూ భూతద్దం అంటారు. నిజానికి ఆయన దగ్గర భూతద్దం లేదు, ఎన్నడూ లేదు. మూలబల్ల దగ్గర పెన్సిలు చెక్కుకుంటున్న స్టెనో మాత్రం ఆయన్ని సార్ అనే పిలుస్తుంది. కోర్టులో పదేళ్ళు సాక్షుల అబద్ధాలు రాసి రాసి విసిగిపోయి, మూడేళ్ళ కిందట ఆమె ఈ ఆఫీసులో చేరింది. సార్ పొరబడడని ఆమెకు గట్టి నమ్మకం. ఆ మాట ఆయనతో అంటే నెత్తికెక్కి కూర్చుంటాడని ఎప్పుడూ అనలేదు.

వచ్చినావిడకు నలభై ఏళ్ళుంటాయి. పెద్దవీధిలో కళ్ళజోళ్ళ దుకాణం ఉంది కదా, ఆ ఇంటి పెద్దకోడలు. భర్త పోయి నాలుగేళ్ళయింది. అప్పటినుంచి మామగారితో కలిసి దుకాణం నడుపుతోంది. ఆరు నెలల కిందట మామగారికి పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. అదృష్టం బాగుండి నెలలోపే రెండూ తిరిగి స్వాధీనంలోకి వచ్చాయి.

"చెయ్యీ కాలూ వచ్చాయి గానీ మనిషి రాలేదు సార్," అంది ఆమె. "పళ్ళెంలో సగం వదిలేసి ఆకలంటారు. నేను పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంటానా, కోడలు నన్ను ఒంటరిగా వదిలేసి పోతుందని వచ్చినవాళ్ళందరికీ చెప్తారు. వయసు మీదపడింది, మతిపోతోందని అందరూ తేల్చేశారు. మొన్న ఆయన దిండు కింద ఇది దొరికింది. మా మరిది చేతికే దొరికింది, నా ఖర్మ."

ఆమె తీసిచ్చిన కాగితాన్ని డిటెక్టివ్ విప్పి, స్టెనోకు వినబడేలా చదివాడు.

"'నా పెద్దకోడలు నాకు కడుపునిండా తిండి పెట్టడం లేదు. గుడ్డు పెట్టమంటే పెట్టానని అబద్ధం చెబుతుంది. రోజంతా ఒంటరిగా వదిలేస్తుంది. ఆమెను ఇంటినుంచి, దుకాణంనుంచి పంపేసి, నన్ను ఏదైనా ఆశ్రమంలో చేర్పించండి.' కింద సంతకం. ఇది ఆయన రాతేనా?"

"అచ్చం ఆయన రాతే. సోమవారం పొద్దుటికల్లా ఇల్లు ఖాళీ చెయ్యమన్నాడు మా మరిది. లేకపోతే ముసలాయన్ని మాడ్చి చంపుతున్నానని పోలీసులకు చెప్తాడట." ఆమె కుర్చీ అంచుకు జరిగింది. "నాకు నిలువ నీడ లేకపోతే పోనీండి. కానీ ఆయన్ని ఆశ్రమంలో పడేస్తే రెండు నెలలు బతకరు. నేనెవరో మరిచిపోయినా ఫర్వాలేదు సార్, నన్ను ఇలా అనుకుంటూ పోతారేమోనని..."

డిటెక్టివ్ కాగితాన్ని వెలుతురుకు ఎత్తి పట్టాడు. స్టెనో వెనకనుంచి తొంగిచూసింది. అంచు కొలిచి గీసినట్టు, ఎడమ చివరనుంచి కుడి చివరదాకా వరసలు తీరుగా సాగాయి. మడతలే వింతగా ఉన్నాయి: నిలువునా మూడు పొరలు, రెండు కొసల దగ్గరా మళ్ళీ అడ్డంగా చెరో మడత. ఉత్తరాన్ని ఇన్ని మడతలు పెట్టేదెవరని ఆమె నోట్సులో రాసుకుంది.

ఆ శనివారం మధ్యాహ్నమే డిటెక్టివ్, స్టెనో దుకాణానికి వెళ్ళారు. కింద దుకాణం, పైన ఇల్లు. అద్దాలు అరగదీసే మేస్త్రీ సానరాయి ఆపి లేచాడు. ఇరవై రెండేళ్ళుగా అక్కడే పని.

"పెద్దయ్యగారు దేవుడండీ," అన్నాడు. "మధ్యాహ్నం మధ్యాహ్నం పైకెళ్ళి పలకరించి వస్తా. ఏం చేస్తాం, బుర్ర పనిచెయ్యట్లేదు. కళ్ళేమైనా మందగించాయేమోనని నేనే పరీక్ష చేశా. అక్షరాల చార్టులో కింది వరస, చివరి అక్షరం. అది చదివితే పైవన్నీ చదివినట్టేనని మా పద్ధతి. టక్కున చదివేశారు. చూపు బ్రహ్మాండం!"

"చివరి అక్షరం అంటే కుడి చివరదేగా?" అన్నాడు డిటెక్టివ్.

"మరి? చివర ఇంకెటుంటుందండీ!" మేస్త్రీ నవ్వాడు.

"అదీ నిజమే. నాకో భూతద్దం కావాలి, ఉందా?"

స్టెనో చేతిలో పెన్సిలు ఆగిపోయింది. మేస్త్రీ గుండ్రటి అద్దం ఒకటి తీసి, తుడిచి, కాగితంలో పెట్టాడు. కాగితాన్ని మూడు పొరలు చేసి, రెండు కొసలూ వెనక్కి తిప్పి, ఒకదాంట్లో ఒకటి దోపాడు. ఆ కాసేపూ అతని కళ్ళు డిటెక్టివ్ మీదే ఉన్నాయి, చేతుల వంక ఒక్కసారి కూడా చూసుకోలేదు.

"పెద్దకోడలు గారు పని బాగా చేస్తారా?" అని అడిగాడు డిటెక్టివ్.

"చేస్తారు, చేస్తారు. ఈ మధ్య మరీ ఎక్కువగా చేస్తున్నారు. నేను బిగించిన ప్రతి జోడూ మళ్ళీ కొలిచి చూస్తారు. పదకొండు జతలు వెనక్కి తెచ్చారు, అదీ గిరాకీల ముందు." మేస్త్రీ నవ్వుతూనే అన్నాడు, కానీ ఆ నవ్వు పెదవులు దాటలేదు.

పైన కిటికీ దగ్గర పడకకుర్చీలో పెద్దాయన కూర్చున్నారు. ఆయన కుడి చెంప నున్నగా గీసి ఉంది, ఎడమ చెంప మీద వారం రోజుల గడ్డం. పక్కన బల్లమీద భోజనం పళ్ళెం. కుడి సగంలో రొట్టె ముక్క కూడా మిగల్లేదు. ఎడమ సగంలో కూర, ఒలిచిన గుడ్డు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. ఆయన ఎడమపక్క కోడలి కుర్చీ, దానిమీద సగం అల్లిన ఊలు.

"గెడ్డం కూడా సరిగ్గా గీయించదు, చూశారా?" అన్నాడు అక్కడే ఉన్న చిన్నకొడుకు. బడిలో లెక్కల మాస్టారు. మాట కటువు గానీ కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

"ఆయనే గీసుకుంటారు. నన్ను ముట్టుకోనివ్వరు," అంది కోడలు.

డిటెక్టివ్ పెద్దాయన కుడివైపున చతికిలబడ్డాడు. "ఈ దుకాణంలో మొదటి జోడు ఎవరికి అమ్మారో గుర్తుందా బాబాయిగారూ?"

"గుర్తు లేకేం? రైలు గార్డుకి. ఎర్రజెండా ఏదో పచ్చజెండా ఏదో తెలీట్లేదన్నాడు. అది జోడుతో పోయేది కాదయ్యా, ఉద్యోగం మార్చుకో అన్నాను. అయినా కొనుక్కుపోయాడు!" పెద్దాయన పగలబడి నవ్వారు. తర్వాత గొంతు తగ్గించి, "మా కోడలు కనబడిందా నాయనా? పొద్దుననగా పోయింది," అన్నారు.

కోడలు ఆయనకు మూరెడు దూరంలో, తన కుర్చీ పక్కనే నిలబడి ఉంది. ఆమె ముఖం చూడలేక స్టెనో తల దించుకుంది.

మెట్లు దిగుతూ డిటెక్టివ్ చూపుడువేలితో రైలింగు మీద తాళం వేశాడు. అంటే పని అయిపోయిందన్నమాట. "సోమవారం పొద్దున్న దుకాణం తెరవకముందే అందరూ ఇక్కడ ఉండాలి. నరాల డాక్టరు గారిని నేను తీసుకొస్తాను. చిన్నబాబుగారూ, అందాకా ఓపిక పట్టండి," అన్నాడు.

"ఏం తేలింది సార్?" వీధిలో స్టెనో ఉండబట్టలేక అడిగింది.

"మీ నోట్సులో అంతా ఉంది. ఒక్కసారి మొదటినుంచి చదువుకోండి."

ఆమె మూడుసార్లు చదివింది. ఏమీ తేలక, సార్ మీద నమ్మకమూ కోపమూ రెండూ పెరిగాయి.

సోమవారం కళ్ళ పరీక్ష గదిలో అందరూ చేరారు. పెద్దాయన్ని చార్టు ఎదురుగా కూర్చోబెట్టారు. డిటెక్టివ్ గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"బాబాయిగారూ, చార్టంతా పైనుంచి చదవండి. ఒక్క అక్షరం కూడా వదలకండి."

పెద్దాయన హుషారుగా చదివేశారు. ప్రతి వరసలోనూ కుడిపక్క రెండు మూడు అక్షరాలే చదివి, అంతా అయిపోయిందన్నట్టు చేతులు ముడుచుకున్నారు. లెక్కల మాస్టారు చార్టు వంకా తండ్రి వంకా మార్చి మార్చి చూశాడు.

"ఇప్పుడు ఈ కాగితం మీద, 'నేను కులాసా' అని నాలుగు వరసలు రాయండి."

పెద్దాయన రాశారు. రాత ముత్యాల కోవే. కానీ నాలుగు వరసలూ కాగితం నడుమ మొదలై కుడి అంచుకు ఇరుక్కుపోయాయి. ఎడమ సగం తెల్లగా ఉండిపోయింది.

"చూశారా? ఈయనకి మతి పోలేదు," అన్నాడు డిటెక్టివ్. "ఎడమవైపు పోయింది. డాక్టరు గారూ, మీరు చెప్పండి."

"మెదడు కుడి సగంలో దెబ్బ తగిలితే కొందరికి ఇలా అవుతుంది," అన్నారు డాక్టరు. "కన్ను చూస్తూనే ఉంటుంది, ధ్యాస ఎడమవైపు పోదు. పోవట్లేదని వాళ్ళకీ తెలీదు. అందుకే సగం గడ్డం, సగం పళ్ళెం. ఇది మతిమరుపు కాదు, మొండితనం అసలే కాదు. వయసు మీదకి తోసేసి ఊరుకోకండి. ఎడమవైపు తిరిగి వెతకడం రోజూ సాధన చేయిస్తే చాలామందికి ఎంతో కొంత మెరుగవుతుంది."

"మరి ఉత్తరం?" లెక్కల మాస్టారు గొంతు పీలగా వచ్చింది.

"అక్కడికే వస్తున్నా. ఆ ఉత్తరం ఎడమ అంచునుంచి మొదలైంది. అంటే ఈయన రాసింది కాదు. రాసినవాడికి ఈయన పాత చేతిరాత కంఠతా వచ్చు, జబ్బు తర్వాతి రాత ఎలా ఉంటుందో తెలీదు. గుడ్డు మాట, ఒంటరి మాట ఈయన నోటే విన్నాడు. ఇంటికి రోజూ వచ్చిపోయే మనిషే." డిటెక్టివ్ బల్లమీద నాలుగు అద్దాలు, నాలుగు కాగితాలు పెట్టాడు. "చిన్న పని. అందరూ తలా ఒక అద్దం పొట్లం కట్టండి."

మాస్టారు కాగితాన్ని ఉండలా చుట్టేశాడు. కోడలు దాన్ని కవరులా మడిచింది. పెద్దాయన చేతులు వాటంతట అవే కదిలాయి: మూడు పొరలు చేసి కుడి కొస తిప్పారు. ఎడమ కొస అలాగే వదిలేశారు. అద్దం అటునుంచి జారి ఒళ్ళో పడింది.

మేస్త్రీ తడబడ్డాడు. కాగితాన్ని అటు తిప్పి, ఇటు తిప్పి, చివరికి అడ్డదిడ్డంగా నలిపి పెట్టాడు.

డిటెక్టివ్ జేబులోంచి శనివారంనాటి భూతద్దం పొట్లం తీసి, దాని పక్కన ఉత్తరం పరిచాడు. మూడు పొరలు, రెండు కొసలు, ప్రతి మడతా అచ్చుగుద్దినట్టు సరిపోయింది.

"ఇరవై రెండేళ్ళ మేస్త్రీకి రెండు రోజుల్లో పొట్లం కట్టడం మరుపొచ్చిందా? డాక్టరు గారూ, ఈ గదిలో మతిమరుపు నటిస్తున్న మనిషి ఒక్కడే ఉన్నాడు. రాత మార్చుకోగలిగాడు గానీ, రాశాక కాగితం మడిచింది చెయ్యి. చేతికి నటించడం రాలేదు."

మేస్త్రీ తన పొట్లాన్ని పక్కకు నెట్టాడు. "ఇరవై రెండేళ్ళు నా పని ఎవరూ తిరిగి కొలవలేదు," అన్నాడు. "నిన్నగాక మొన్న నేర్చుకున్నావిడ గిరాకీల ముందు నా పరువు తీసేసింది. ఆవిడ పోతే, చినబాబు బడి వదిలి రారు కాబట్టి, దుకాణం నా చేతి మీదే నడుస్తుందనుకున్నా."

"నీకు అవమానం జరిగిందని పెద్దాయన్ని ఆశ్రమంలో పడేద్దామనుకున్నావా!" స్టెనో నోరు జారింది. మూడేళ్ళలో విచారణ మధ్య ఆమె మాట్లాడడం అదే మొదలు. డిటెక్టివ్ వారించలేదు.

మేస్త్రీ తాళాల గుత్తి బల్లమీద పెట్టి వెళ్ళిపోయాడు. పోలీసుల సంగతి చిన్నకొడుకు చూసుకుంటానన్నాడు, తర్వాత వదిన ముందుకొచ్చి నిలబడ్డాడు. ఎవరికైనా అంత చిన్న మాట అంత కష్టం కావడం స్టెనో ఎప్పుడూ చూడలేదు. "తప్పయింది వదినా. అడగకుండానే తీర్పు చెప్పేశాను."

"ముందు మీ నాన్నగారికి ఫలహారం పెట్టాలి, జరుగు," అంది ఆమె.

పైన పెద్దాయన కుడి సగం తినేసి, మామూలుగానే, "గుడ్డు లేదా ఇవాళ?" అన్నారు. డాక్టరు నేర్పినట్టు ఆమె పళ్ళేన్ని మెల్లగా తిప్పింది.

"అరె! ఇది ఎప్పుడు పెట్టావు?" అంటూ ఆయన గుడ్డు అందుకున్నారు.

ఆమె ఊలు తీసి చంకలో పెట్టుకుని, ఆరు నెలలుగా ఆయన ఎడమపక్కనే ఉన్న తన కుర్చీని ఎత్తి, ఆయన వెనకనుంచి చుట్టూ తిరిగి తెచ్చి, కుడివైపు వేసుకుని కూర్చుంది.

పెద్దాయన నమలడం ఆపేశారు. ఆమెను తేరిపార చూశారు. కళ్ళు నీళ్ళతో నిండిపోయాయి.

"వచ్చావామ్మా," అన్నారు. "ఇన్నాళ్ళూ ఎక్కడికెళ్ళావు తల్లీ?"

"ఎక్కడికీ పోలేదు మామయ్యగారూ, ఇక్కడే ఉన్నాను," అంది కోడలు. ఆపుకోలేక ఆయన చేతిమీద తల ఆనించి ఏడ్చేసింది.

గుమ్మంలో స్టెనో నోట్సు మూసేసింది. పక్కన డిటెక్టివ్ కొత్త భూతద్దాన్ని జేబురుమాలుతో అవసరానికి మించి తుడుస్తున్నాడు. ఆయన కళ్ళు తుడుచుకోవడానికి వేరే రుమాలు లేదని కనిపెట్టి, ఆమె తనది తీసి ఇచ్చింది.