వరదగుడి

స్వాతి కార్తె వచ్చినా చినుకు రాలని ఆ యేట, మేడిగిరి దుర్గపు తూర్పు బురుజు మీద నిలిచి చూస్తే కనుచూపు మేరా శత్రు శిబిరమే కనిపించేది. ఏనుగుల బారులు, గుడారాల వరుసలు, వంటపొగలు, వాటి నడుమ ఏమీ ఎరగనట్టు తాపీగా పారే మేడేరు. ఆ ఏరు నిన్నమొన్నటి దాకా మేడిగిరిదే. ఇప్పుడు దాని నీళ్లలో శత్రువుల గుఱ్ఱాలు దొర్లుతుంటే, కోటలోని తల్లులు బండల్లో తొలిచిన దొనల అడుగున బురదను గుడ్డలో పిండి, ఆ తడిని పసివాళ్ల నోట పోస్తున్నారు.

ప్రతి ఉదయం ఆ బురుజెక్కి ఆకాశం చూసేవాడు దళవాయి కొమ్మనాయకుడు. యౌవనమంతా దండయాత్రల్లో గడిపినవాడు కనుక, ఏ మబ్బు కింద సేనను నడపవచ్చునో, ఏ మబ్బును చూసి ఏటికి దూరంగా విడిది చేయాలో అతనికి కరతలామలకం. చూసినది చూసినట్టు చెప్పడం అతని వ్రతం. ఆ వ్రతం పుణ్యమా అని కొలువులో అతనికి మిత్రులు తక్కువ, మేడిగిరి ఏలిక అయితరాజుకు మాత్రం అతని మాట మీద గురి ఎక్కువ. ఇవాళ వాన లేదని అతను రోజూ చెబుతున్నా జనం మరునాటి కోసం కాచుకునేవారు. వాన ఉన్ననాడు ఉందనే చెబుతాడని వాళ్ల నమ్మకం. ఆ కోటలో ఇక మిగిలింది ఆ నమ్మకమొక్కటే.

మంత్రి దామనామాత్యునికి అదే కంట్లో నలుసు. కోట తలుపులు తెరిపిస్తే మేడేటి దిగువసీమకు అధిపతిని చేస్తానని శత్రురాజు అతనికి లోపాయికారీగా మాట ఇచ్చి ఉన్నాడు. ఆ వాసన కొమ్మనాయకుడు పసిగట్టకపోలేదు. కాని రుజువు లేని మాట రాజు చెవిన వేయడం కూడా అతని వ్రతానికి విరుద్ధమే. చూశారా, మంచితనం మనిషి చేతులు ఎలా కట్టేస్తుందో.

ఒకనాటి ఉదయం తూర్పున, చాలా ఎత్తున, ఏకిన దూది పోగుల్లాంటి తెల్లని మబ్బులు తోకలు వంచుకుని కనిపించాయి. పొద్దెక్కేకొద్దీ పలుచని తెర ఒకటి ఆకాశమంతా పరుచుకుంది. సూర్యుని చుట్టూ విశాలంగా వరదగుడి కట్టింది. అన్నాళ్లకు నాయకుడి గుండె కుదుటపడింది. తూర్పు సముద్రం మీద తుపాను లేచింది, ఆ వలయం దాని ముందస్తు కబురు. రేపు మధ్యాహ్నం తిరిగాక వాన పడుతుందని, పడితే దొనలన్నీ నిండేదాకా విడవదని రాజుకు విన్నవించాడు.

ఆ పూటే పడమటి కొండల వెనుక నుంచి కారుమబ్బు ఒకటి లేచింది. అడుగు కాటుకంత నలుపు, నడుమ బొంగరాలు తిరిగే తెలుపు, పైన కమ్మరి దాగలిలా చదును. జనం కడవలు, గంగాళాలు, చివరకు పూజ పళ్లేలు కూడా ఎత్తుకుని బయటికి పరుగెత్తారు. అది ఏటి గాలి వెంట పోయే మబ్బని, మన మీద కురవదని కొమ్మనాయకుడు చెబుతూనే ఉన్నాడు. ఉరిమింది, మెరిసింది, ఏటికి అవతల శత్రు గుడారాల మీద తెర దించినట్టు కురిసి వెళ్లిపోయింది. కోటలో ఒక ముసలమ్మ తన కడవను బండకేసి కొట్టి అక్కడే కూలబడింది.

అవకాశం కోసం పొంచి ఉన్న దామనామాత్యుడు కొలువులో లేచి చేతులు జోడించాడు.

“మహాప్రభూ, ఏనుగంత మబ్బు నెత్తి మీదికి వస్తే ఇది కురవదన్నారు నాయకులవారు. పొగలాంటి తెరను చూపి అది కురుస్తుందంటున్నారు. కావచ్చు. కాని దప్పికతో పోయే ప్రాణానికి రేపన్నది ఒక యుగం. శత్రురాజు ప్రజలకు అభయమిస్తున్నాడు. తలుపు తీస్తే ఏరు అక్కడే ఉంది.”

అప్పటికే అతని మనుషులు ఆ మాటను వీధి వీధికీ చేరవేశారు. సింహద్వారం దగ్గర జనం మూగారు. రాజు నాయకుణ్ణి పక్కకు పిలిచాడు. ఆయన పెదవులు పగిలి నెత్తురు చిమ్ముతున్నాయి.

“కొమ్మనాయకా, ఈ సాయంత్రమే వాన పడుతుందని వీళ్లతో ఒక్క మాట చెప్పు. నీ నోట వింటే తెల్లవార్లూ ఆకాశం చూస్తూ ఆగుతారు. ఆపైన నీ వాన ఎలాగూ వస్తుంది. రేపంటే మాత్రం ఆగరు, నేను ఆపలేను.”

“దేవరా, ఇన్నాళ్లు నా మాట చెల్లింది నేను బొంకలేదు గనుకనే. రేపు మధ్యాహ్నం దాటందే ఈ కోటలో చినుకు పడదు.”

జనానికీ అదే చెప్పాడు. ఎవరూ అతణ్ణి తిట్టలేదు. తలలు వంచుకుని ద్వారం వైపు నడిచారు. మేడిగిరి నిజానికి ఆ క్షణానే పడిపోయింది.

తెల్లవారేసరికి తాళపుచెవులు శత్రురాజు చేతికి అందాయి. అభయం తలుపు తెరుచుకునేదాకానే. ఏటికని బిందెలతో బయలుదేరినవాళ్ల మీద గుఱ్ఱాలు వచ్చిపడ్డాయి. కొమ్మనాయకుడు మిగిలిన కొద్దిమంది భటులతో ద్వారం లోపలి మలుపులో అడ్డం నిలిచి, వెనక్కి పరుగెత్తే ఆడవాళ్లు కొండపైకి చేరుకునేదాకా ఒక్క గుఱ్ఱాన్నీ కదలనివ్వలేదు. పైన ఆకాశం అంచు నుంచి అంచు దాకా బూడిదరంగుకు తిరిగింది. చూసే తీరిక ఎవరికీ లేదు. చివరి భటుడు కూలాక, పక్కలో దిగిన బల్లెంతో నాయకుడు గోడకు చేరగిలబడ్డాడు. ఆపైన శత్రుసేన కొండెక్కింది. పైనుంచి వినవచ్చిన కేకలు కాసేపటికి ఆగిపోయాయి.

మధ్యాహ్నం తిరిగింది. వాన మొదలైంది. ఉరుము లేదు, మెరుపు లేదు, ఒకే ధార. దామనామాత్యుడు శత్రురాజు గొడుగు నీడన పట్టుబట్ట తడవకుండా నిలుచున్నాడు. చేతులు కట్టిన అయితరాజును ఆ దారినే ఈడ్చుకుపోతుండగా ఆయన నాయకుడి ముందు ఆగాడు.

“వచ్చింది నాయకా. నీ మాట తప్పలేదు.”

కొమ్మనాయకుడు ముఖం మీద పడుతున్న నీటిని మింగలేకపోయాడు.

“ఒక్కసారి తప్పి ఉండవలసింది దేవరా.”

రాజు ఏదో చెప్పబోయాడు. భటుడు తాడు లాగాడు. రాజు తల తిప్పి చూసేసరికి నాయకుడి కళ్లలో వాన నిలుస్తోంది. పైన దొనలు ఒక్కొక్కటే నిండి పొర్లుతున్న చప్పుడు కోటంతా వినిపిస్తోంది. ఆ నీళ్లు తాగడానికి మేడిగిరివాళ్లెవరూ మిగలలేదు.