మడత మీద గీత

వదినతో కలిసి దుప్పట్లు మడతపెట్టడం కన్నా శత్రువుకు లొంగిపోవడం నయమని మరదలి ఫిర్యాదు. అంచు వేలెడు తప్పితే మళ్ళీ మొదటికి. ఇంతాచేసి ఆ వదిన ఊళ్ళో పేరున్న ప్రైవేటు డిటెక్టివ్. మరదలు ఆమెకు సహాయకురాలు, పైకి ఒప్పుకోని భక్తురాలు.

మూడో దుప్పటి సగంలో ఉండగా సైనిక కళాశాల నుంచి ఒకావిడ పరుగున వచ్చింది. పలు దేశాల ఆఫీసర్లు, సివిల్ అధికారులు కలిసి చదివే చోటు అది. ఈమెది నీటి సరఫరా శాఖ.

"కాపీ కొట్టానని సాయంత్రం నన్ను వెనక్కి పంపేస్తున్నారు మేడమ్! ఫైల్లో ఆ ముక్క పడితే నా ఉద్యోగం పోయినట్టే."

వరదలో జనాన్ని ఏ దారిన తరలించాలో మ్యాపు మీద గీయడం పరీక్ష. నిన్న ఈమె గీసిన దారి, పరీక్ష పెట్టిన కర్నల్ కవర్లో పెట్టి బీరువాలో దాచిన జవాబుతో మలుపు మలుపునా కలిసింది. ఆ కవరు లక్కముద్ర పగిలి ఉండటం పొద్దున గుమాస్తా చూశాడు.

ఆమె వేలితో గీసి చూపిన దారి చూసి డిటెక్టివ్ అడిగింది. "వంతెన మీదుగా దగ్గరదారి కదా, ఎందుకు వదిలేశారు?"

"అది పల్లమండీ. మొదట మునిగేది అదే. పదిహేనేళ్ళు నీళ్ళ వెంటే తిరిగాను."

గంటలో వదినామరదళ్ళు కళాశాలలో ఉన్నారు. పరీక్షలో ఆవిడ పక్క సీటులో కూర్చున్న మేజర్‌ను ముందు అడిగితే నవ్వాడు. "నాది వంతెన దారే. దొంగతనం చేసి కూడా సున్నా తెచ్చుకుంటానా?"

"కర్నల్ గారూ, జవాబు ఎప్పుడు గీశారు?"

"నెల క్రితం. గీశాను, మడిచాను, ముద్ర వేశాను. మళ్ళీ ముట్టుకుంటే ఒట్టు!"

డిటెక్టివ్ ఆ మ్యాపును కిటికీకి ఎత్తిపట్టింది. ఎర్ర సిరా గీత ప్రతి మడత దగ్గరా చీమకాళ్ళలా పాకి ఉంది. వంతెన దగ్గర కాగితం పల్చబడి వెలుతురు దూరుతోంది.

"వదినా, బ్లేడుతో గీకారు!" అంది మరదలు.

"అందర్నీ పిలు."

కళాశాల అధిపతి జనరల్ సహా అందరూ వచ్చి కూర్చున్నారు.

"గీసి మడిస్తే సిరా ఇలా పాకదు. మడిచిన కాగితం మీద గీస్తేనే గాట్లోకి దిగి పాకుతుంది. అంటే ఈ గీత కొత్తది. పాతది వంతెన మీదుగా పోయేది; దాన్ని గీకేశారు. దొంగ జవాబు చూసి పోతాడు గానీ జవాబు మార్చడు. మార్చాల్సిన అవసరం దాన్ని రాసిన వాళ్ళకే. నిన్న సాయంత్రం ఈవిడ పేపరు దిద్దుతూ..."

"కర్నల్?" అన్నాడు జనరల్.

కర్నల్ లేచాడు. ముప్పై ఏళ్ళ సర్వీసు ఆ నిలబడటంలో కాస్త వంగింది.

"మళ్ళీ ముద్ర వేసేలోపే గుమాస్తా చూశాడు సార్. నోరు పెగల్లేదు." ఆయన ఆవిడ వైపు తిరిగాడు. "మీరు నాది చూడలేదమ్మా, నేనే మీది చూసి గీశాను. నా జవాబు తప్పు. నోరు మూసుకుని కూర్చోవడం అంతకన్నా పెద్ద తప్పు."