ముప్పై అడుగుల రోడ్డు

ఆదివారం. ఉదయం 6.40.

కనకమామిడి శివారులో ఒక వెంచర్. రోడ్డు చివర ఆఖరి ప్లాటు. ప్లాటులో పునాది గుంత. గుంతలో శవం.

మొదట చూసింది ఆ ప్లాటు యజమాని చక్రపాణి. గుంటూరు మనిషి. పాతికేళ్ళుగా హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ప్రతి ఆదివారం పొద్దున్నే వచ్చి, ఇల్లు లేని స్థలంలో మామిడి మొక్కలకు నీళ్ళు పోసి వెళ్తుంటాడు. ఆ పూట మొక్కలకు నీళ్ళు పడలేదు.

7.25కి మొయినాబాద్ ఎస్.ఐ. అరుణశ్రీ జీపు దిగింది. వెనకే హెడ్ కానిస్టేబుల్ మల్లేశ్, పంచనామా కాగితాలు.

చనిపోయింది కుమార్. లైసెన్స్‌డ్ సర్వేయర్. తల వెనక ఒకే ఒక్క దెబ్బ. నిన్న సాయంత్రం ఆరుకూ ఏడుకూ మధ్య ప్రాణం పోయి ఉంటుందన్నాడు డాక్టరు.

మల్లేశ్ శవం జేబులు వెతికి ఒక్కొక్కటే రాశాడు. సెల్‌ఫోను. పెన్ను. బైకు తాళం. కొలత టేపు. నల్ల రాయి ముక్క ఒకటి.

"రాయి గుడ రాస్తున్నవా అన్నా?"

"జేబులున్నది మేడం. ఉన్నది రాయాలె గద."

మల్లేశ్ చాదస్తం చూసి స్టేషన్‌లో అందరూ నవ్వుతారు. అరుణశ్రీ ఎప్పుడూ నవ్వలేదు.

"కొలతలు రాసుకునే బుక్కు ఏది?"

బుక్కు లేదు. గుంతలో లేదు, బైకు మీద లేదు. టేపు తెచ్చుకున్న సర్వేయర్ పుస్తకం తెచ్చుకోకుండా ఉంటాడా? ఎవరో పట్టుకుపోయారు.

ఆమె చక్రపాణి వైపు తిరిగింది.

"కుమార్‌తోని ఫోన్ల కొట్లాడిన్రట?"

"కొట్లాట కాదండి. గట్టిగా మాట్లాడాను." చక్రపాణి చెమట తుడుచుకున్నాడు. "రెండేళ్ళుగా ఇంటి పర్మిషన్ కోసం తిరుగుతున్నానండి. ఆ గుంత రెండేళ్ళ కిందట ముహూర్తానికి తీయించిందే."

"పర్మిషన్ ఎందుకు రాలె?"

చక్రపాణి చెయ్యెత్తి ప్లాటు చూపించాడు. రోడ్డు దగ్గర వెడల్పు పద్దెనిమిది అడుగులే. లోపలికి పోయేకొద్దీ విప్పారి వెనక అరవై అడుగులైంది.

"ఇదేం ఆకారమని అడిగానండి. గోముఖం, వాస్తుకు తిరుగులేదన్నాడు వెంచర్ ఓనరు ధనరాజ్. తన ఫాంహౌస్‌కి తీసుకెళ్ళి బార్బెక్యూ చికెన్ పెట్టి మరీ అమ్మాడు. వాస్తు బాగానే ఉంది. రూలే బాగోలేదు."

"ఏం రూలు?"

"ప్లాటు ఎన్ని వంకర్లున్నా ఫర్వాలేదంట. దాని ముందున్న రోడ్డు మాత్రం ఈ కొస నుంచి ఆ కొస దాకా ముప్పై అడుగులుండాలంట. ఇది ప్రైవేటు రోడ్డు కదా, సర్వేయర్ కొలిచి సర్టిఫికెట్ ఇస్తేనే ఫైలు కదులుతుందన్నారు. కుమార్ మూడుసార్లు వాయిదా వేశాడు. అందుకే అరిచాను. నిన్న సాయంత్రం కొలుస్తానన్నాడు."

"నిన్న సాయంత్రం మీరెక్కడున్నరు?"

"గండిపేటలో. ఇంట్లోనే."

"సూసినోళ్ళు?"

"మా ఆవిడ సుబ్బులు."

పెళ్ళాం సాక్ష్యం పోలీసులకు ఎక్కదు. అరుణశ్రీ మల్లేశ్‌తో రోడ్డు కొలిపించింది. మొరం రోడ్డు. ఒకవైపు వెంచర్ గోడ. రెండోవైపు ఒక పాత హద్దురాయి, దాని వెనక బంతి తోట. గోడ నుంచి రాయికి సరిగ్గా ముప్పై అడుగులు. అంగుళం ఎక్కువ లేదు, తక్కువ లేదు.

మరి కుమార్‌ను చంపాల్సిన అవసరం ఎవరికొచ్చింది?

8.50. బంతి తోటలో గడ్డపార దొరికింది. కొసకు రక్తం.

తోట ఎల్లేశ్‌ది. నలభై ఏళ్ళ రైతు. రెండేళ్ళుగా ఈ రోడ్డు తన చెలక భూమిని మింగుతున్నదని కనబడ్డవాళ్ళందరికీ చెప్తున్నాడు. ఎవరూ చెవిన పెట్టలేదు. రాయి అక్కడే ఉంది కదా అన్నారు.

"గడ్డపార నీదేనా?"

"నాదే మేడం. నిన్న సాయంత్రం అయిదున్నరకు ఆ సారే వచ్చి అడిగిండు. ఇచ్చిన. ఇంటికి వోయిన."

"సర్వేయర్‌కు గడ్డపార ఎందుకు?"

"గది చెప్పలె."

"నువ్వు అడగలె?"

"పెద్ద సారు. ఏమని అడుగుత?"

సరిగ్గా అప్పుడే తెల్ల కారు వచ్చి ఆగింది. ధనరాజ్ దిగాడు. ఇదే ఊళ్ళో పుట్టి, ఇదే ఊరి భూములు ప్లాట్లు చేసి అమ్ముతున్నవాడు. పోలీసులందరికీ ఫ్లాస్కులో చాయ్ తెచ్చాడు.

"నిన్న నాలుగింటి నుంచి శంకర్‌పల్లిల ఉన్న మేడం. తెలిస్తే రాత్రే ఉరికొద్దును." అతని గొంతు మెత్తగా ఉంది. "ఎల్లేశ్ నా దోస్తు. కోపం జరంత ఎక్కువ. రాయి జరపాలని ఎన్నో రోజుల సంది సూస్తుండు. సారు అడ్డం వచ్చిండేమో. వకీలును నేనే పెడ్త. పాపం, జర సూసి రాయుండ్రి."

అతి వినయం ధూర్త లక్షణం అంటారు. అయినా వినయానికి కేసు పెట్టే సెక్షను లేదు.

రాయి మొదలు దగ్గర మన్ను గుల్లగా ఉండటం అరుణశ్రీ చూసింది. ధనరాజ్ కూడా అటే చూశాడు.

"అనుమానముంటే తవ్వి సూడుండ్రి. మా దిక్కు హద్దురాయి పాతేటప్పుడు కింద బొగ్గు పోస్తరు. మన్నుల బొగ్గు నూరేండ్లయినా చెడదు. ఎవడన్న రాయి జరిపినా బొగ్గు పాత జాగలనే ఉంటది. ఏమంటవ్ ఎల్లేశ్?"

"ఔ మేడం, తవ్వుండ్రి!" ఎల్లేశ్ కళ్ళల్లో ఆశ మెరిసింది. "రాయి కింద బొగ్గు ఉండనే ఉండదు. జరిపిన రాయి అది!"

తవ్వారు. అడుగున్నర లోతులో నల్లగా బొగ్గు బయటపడింది.

ఎల్లేశ్ తవ్విన చోటికి వంగి చూశాడు. "గిట్లెట్లయితది?" అన్నాడు. ఆ ప్రశ్న పోలీసులను అడిగినట్టు లేదు. ఆ రాయి పాతిన తన తాతను అడిగినట్టుంది.

అరుణశ్రీకి జాలేసింది. అయినా ఏం చేస్తుంది? గడ్డపార అతనిది. కోపం అతనిది. రాయి ఉన్నచోటే ఉందని బొగ్గు చెప్తోంది. పిడికెడు బొగ్గు కవర్లో వేసి సీల్ చేయించి ఎల్లేశ్‌ను జీపెక్కించింది.

మధ్యాహ్నం 1.10. సి.ఐ. ఫోన్. నాలుగింటికల్లా నిందితుణ్ణి చేవెళ్ళ మేజిస్ట్రేటు ముందు రిమాండ్‌కు పెట్టమన్నాడు.

స్టేషన్ మెట్ల మీద ఒక ముసలామె సద్ది గిన్నె ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఎల్లేశ్ తల్లి సుక్కమ్మ.

"బువ్వ పెట్టిపోత బిడ్డా. పొద్దటిసంది ఏం తినలె."

"పెట్టు అవ్వా. కానీ బొగ్గు నీ కొడుకు దిక్కు మాట్లాడలేదు."

సుక్కమ్మ తలెత్తింది. "ఏం బొగ్గు? ఆ రాయి పాతిననాడు బొగ్గు తెచ్చిందే నేను. నలభై అయిదేండ్లాయె, అప్పుడు కొత్త కోడల్ని. పొయ్యిల చింతమొద్దు బొగ్గు. దానిమీద పెంకులు గుడ ఏసిండు మా మామ. నా చేతుల పలిగిన కుండే. మా అత్త నెలరోజులు తిట్టింది, యాదికుండదా?"

అరుణశ్రీ ఆగిపోయింది.

రాయి కింద ఒక్క పెంకు కూడా లేదు.

ఆమె లోపలికి నడిచింది. సీల్ తీయించి బొగ్గును బల్లమీద కాగితంలో పోయించింది. కాసేపు చూసింది. ఒక ముక్క తీసి బల్లకేసి కొట్టింది. మొద్దు చప్పుడొచ్చింది.

"మల్లేశన్నా, కుమార్ జేబుల దొరికిన నల్ల రాయి తీస్కరా. ధనరాజ్ ఫోను నిన్న సాయంత్రం ఏ టవర్ కింద ఉన్నదో కనుక్కో. ఊరి భూముల నక్షా తెప్పియ్యి. సి.ఐ. సార్‌కు నేను చెప్పుకుంట."

3.20. మళ్ళీ అదే రోడ్డు. రాయి చుట్టూ ధనరాజ్, చక్రపాణి, ఎల్లేశ్, సుక్కమ్మ నిలబడ్డారు.

"మా అమ్మ చేవెళ్ళ బస్టాండ్ కాడ ఇస్త్రీ బండి నడిపింది," అంది అరుణశ్రీ. "బడి నుంచి రాంగనే పెట్టెల బొగ్గు నింపేది నేనే. కట్టె బొగ్గు తేలిక. కొడితే గల్లుమంటది. ఇరిస్తే కట్టె చారలు కనబడ్తయి."

కవర్లోని ముక్క అరచేతిలో పెట్టి చూపించింది.

"దీన్ల చారల్లేవు. బరువున్నది. ఒకపక్క పలకలాగ నున్నగ, ఇంకోపక్క గుండ్రటి గాడి. బొగ్గుపొడికి బంక కలిపి, నడుమ బొక్క పెట్టి అచ్చు పోసింది. పెద్ద దుకాణాలల్ల సంచుల అమ్ముతరు, బార్బెక్యూకు. పాతదాని తీరు కనబడాలని సుత్తెతోని పలగ్గొట్టిన్రు. నలభై అయిదేండ్ల కింద ఈ బొగ్గు యాడిది ధనరాజన్నా?"

ధనరాజ్ నవ్వాడు. "నాకేం ఎరుక మేడం? చక్రపాణి సారు గుడ ఆదివారాలు చికెన్ కాలుస్తడేమో."

"నేను శాకాహారినండి!" చక్రపాణి అరిచినంత పని చేశాడు. "అయినా రాయి కింద బొగ్గు పోస్తారని నాకు ఇవాళేగా తెలిసింది."

"అదే నేను అనేది," అంది అరుణశ్రీ. "ఈ రివాజు తెలిసినోడే రాయి జరిపిండు. ఎల్లేశ్‌కు తెలుసు, కానీ తన చెలక లోపటికి తానే రాయి జరుపుకుంటడా? రివాజు తెలిసి, లాభముండి, ఇంట్ల కొన్న బొగ్గు ఉన్నది ఒక్కనికే."

ధనరాజ్ నవ్వు మాయమైంది.

"నక్షాల ఈ రాయి ఎల్లేశ్ తోటల బావికి ఎంత దూరముండాల్నో రాసున్నది. మల్లేశన్న కొలిచిండు. నాలుగడుగులు తక్కువ వచ్చింది. నిన్న కుమార్‌కు గుడ గదే వచ్చింది. గందుకే గడ్డపార అడిగి తవ్విండు. ఒక ముక్క జేబులేస్కున్నడు. మేము దాన్ని రాయనుకున్నం. ఈ బొగ్గు, ఆ ముక్క, ఇందాక సోదా చేసిన నీ ఫాంహౌస్‌ల ఇప్పి పెట్టిన సంచి, మూడూ ఒక్కటే అచ్చు. నీ బార్బెక్యూ పొయ్యి బూడిదల నోట్‌బుక్ స్పైరల్ తీగ దొరికింది. నీ ఫోను నిన్న ఏడింటి దాక కనకమామిడి టవర్ కిందనే ఉన్నది. ఇంకేమన్న చెప్తవా?"

ధనరాజ్ రోడ్డు పొడుగునా చూశాడు. రెండువైపులా కానిస్టేబుళ్ళు.

"పన్నెండు ప్లాట్లు మేడం," అన్నాడు చివరికి. "రోడ్డు ఇరవై ఆరే అని తెలిస్తే ఒక్కదానికి పర్మిషన్ రాదు. అందరు నా మీద వడ్తరు. సారును బతిమిలాడిన. కాళ్ళు వట్టుకున్న. ఇరవై ఆరే రాస్త అన్నడు. గడ్డపార ఆడనే ఉండె..."

తాను తవ్వించిన గుంతలో తానే పడ్డాడు. ఆ బొగ్గు ఊసెత్తకుండా చాయ్ పోసి వెళ్ళిపోయి ఉంటే ఈపాటికి ఎల్లేశ్ చేవెళ్ళ మేజిస్ట్రేటు ముందు ఉండేవాడు.

అతన్ని జీపెక్కించాక, అరుణశ్రీ గోడ నుంచి ఇరవై ఆరు అడుగులు కొలిచి గీత గీయించింది. మొరం గట్టిగా ఉంది. ఎల్లేశే తవ్వాడు. రెండడుగుల లోతులో పార ఆగింది. చింత బొగ్గు. కొడితే గల్లుమంది. దానిమీద మూడు కుండపెంకులు.

సుక్కమ్మ వంగి ఒక పెంకు తీసింది. కొంగుతో తుడిచింది. "నాదే," అంది. అంతే, ఏడుపు ఆగలేదు.

చక్రపాణి తన గోముఖం ప్లాటు వైపు, ఇరవై ఆరు అడుగుల దగ్గర గీసిన గీత వైపు చూసి, పొద్దున క్యానులో తెచ్చిన నీళ్ళు మామిడి మొక్కలకు పోయడానికి వెళ్ళిపోయాడు.

"మేడం," మల్లేశ్ కాగితం తీశాడు. "పెంకులు సీజ్ చెయ్యాలె. మూడు."

అరుణశ్రీ సుక్కమ్మ చేతి వైపు చూసింది. పిడికిలి గట్టిగా మూసి ఉంది.

"రెండే ఉన్నయన్నా."

"ఉన్నది రాయాలె గద మేడం..." అని మల్లేశ్ ముసలామె వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత తల వంచుకుని, తన ఉద్యోగంలో మొదటిసారి, ఉన్నదానికంటే ఒకటి తక్కువ రాశాడు.

ఎల్లేశ్ రాయిని దొర్లించుకుంటూ వచ్చి గుంతలో దింపబోయాడు.

"ఆగు కొడుకా," అంది సుక్కమ్మ. "ముందుగాల పెంకు ఎయ్యనియ్యి."