ముత్యాలు చూసిన అమ్మవారు

భీమరాజుగారూ, మీ ఊరి పిల్ల అమ్మవారి మొహం చూడాలంటే మద్రాసు దాకా పోవలసివచ్చింది. ఆ తప్పు మీది. గుడికి ధర్మకర్తనని చెప్పుకుంటారు, చట్టం మాత్రం మీకు పట్టదు. అందుకే మీ అబ్బాయి ప్రేమకథ, వాళ్లిద్దరూ నాతో చెప్పింది చెప్పినట్టు, మీకే చెబుతున్నాను, వినండి.

రాజబాబు మద్రాసులో లా చదువుతున్నాడు. పోయిన ఏడాది, 1950లో, ఒక ఆదివారం ఎగ్మూరు మ్యూజియంలో కంచు విగ్రహాల హాలు చూసి విసురుగా బయటికి వస్తూ గుమ్మంలో ఒక అమ్మాయిని గుద్దుకోబోయాడు. ఆమె చెప్పులు చేత్తో పట్టుకుని లోపలికి తొంగిచూస్తోంది.

“దారికడ్డంగా నిలబడ్డారేంటండీ?”

“ఇక్కణ్ణించి బాగా కనపడతందండి.”

“లోపలికెళితే ఇంకా బాగా కనపడుతుంది.”

“లోపల దేవుళ్లున్నారు కదండీ.”

“ఉంటే?”

ఆమె అతన్ని ఎగాదిగా చూసింది. “మీదే ఊరండీ?”

కొత్తపేట దగ్గరని ఊరి పేరు చెప్పాడు.

“అయితే మీకు నేను చెప్పాలాండీ? మాది ఆ ఊరి మాలపేటే. ముత్యాలంటారు. ఇక్కడ నర్సు ట్రైనింగండి.”

రాజబాబు గుమ్మంలోంచి పక్కకి జరిగాడు. “ఇక్కడ పూజారి లేడండి. బంట్రోతు బూట్లతోనే తిరుగుతున్నాడు. రండి,” అన్నాడు.

పార్వతి విగ్రహం ముందు ముత్యాలు చాలాసేపు నిలబడింది.

“ఇంత చిన్నదాండీ అమ్మవారు? ఈవిడికా మనూళ్లో అంత లావు తాళం?”

రాజబాబు నవ్వబోయి మానుకున్నాడు. ఆ తాళంచెవి తన తండ్రి మొలతాడుకే ఉంటుందని చెప్పడానికి ఇంకా కొన్ని ఆదివారాలు పట్టింది. చెప్పాక ఆమె రావడం మానేసింది. మళ్లీ వచ్చిన రోజు వాన. ఇద్దరూ మ్యూజియం వరండాలో చిక్కుపడ్డారు.

“నామీద కోపమాండీ?”

“మీమీద కాదండి. ఇన్నాళ్లూ దాచినందుకు.”

“అది నామీదే కదండీ.”

“ఆయ్.”

“పెళ్లి చేసుకుందామా?”

ఆమె తడిసిన పైట పిండుకుంది. “ఎక్కడండీ?”

“ఇక్కడే, రిజిస్ట్రారాఫీసులో.”

“దొంగపెళ్లి నాకొద్దండి. మనూళ్లో, అమ్మవారి ఎదట. గుళ్లోకి అందర్నీ రానివ్వాలని చట్టమొచ్చి మూడేళ్లయింది. లా చదివేవోరు, మీకు తెలీదా?”

“నాన్నగారు చంపేస్తారండి.”

“ముందు ఎవర్నండీ?”

“నన్నే.”

“అయితే నాకు పారిపోడానికి టైముంటది,” అంది ముత్యాలు, నవ్వకుండా. అతనే నవ్వాడు.

ఈ సెలవుల్లో ఇద్దరూ ఊరొచ్చారు. రాజబాబు మిమ్మల్ని అడిగాడు. మీరేమన్నారో మీకు గుర్తుందనుకుంటాను. కొబ్బరితోటలో పందిరి వేయిస్తాను, భోజనాలు నావి, గుళ్లో మాత్రం కుదరదన్నారు. ఆ మాట అతను కాలవగట్టున ముత్యాలుకి మోసుకొచ్చాడు.

“ఒప్పుకుందామాండీ?”

“ఒప్పుకోండి. పెళ్లికూతుర్ని మాత్రం ఇంకోళ్లని చూసుకోండి.”

అతను గట్టు మీద ఆమె పక్కన కూర్చున్నాడు. “ముహూర్తం ఎల్లుండి పొద్దున్న ఉంది. గుడి మెట్ల మీద కూర్చుందాం. తలుపు తీసేదాకా లేవద్దు,” అన్నాడు.

“నిజంగానాండీ?”

“ఆయ్.”

ఆ ఎల్లుండి రేపే. వాళ్లు మెట్ల మీద ఉంటారు. పేట పేటంతా ఉంటుంది, నేనూ ఉంటాను. భీమరాజుగారూ, మీ పందిరీ వద్దు, భోజనాలూ వద్దు. తాళం తీసి, మీ కోడల్ని లోపలికి పిలవండి.